నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

తూనీగ సైకిలెక్కిందంటే ఆమె వెనక ఎక్కడో ఒకచోట బొద్దు ఉండాల్సిందే. ఇద్దరికీ ఆ పేర్లు బడిలోనే పడ్డాయి. ఒకతె సన్నగా, కాలు ఒకచోట నిలవకుండా తిరిగేది. రెండోది కూర్చున్న చోటే కూర్చుని, ఏదో ఒకటి నములుతూ, తిరిగేదాన్ని చూస్తూ ఉండేది. నలభై దాటినా పేర్లు మారలేదు. తూనీగ ఇప్పుడు ఆడవాళ్ల దూరపు పందేల్లో నలుగురికీ తెలిసిన మనిషి. బొద్దు ఒక బేకరీలో పొయ్యి దగ్గర పని చేస్తుంది. వేడి ట్రేలు తగిలీ తగిలీ ఆమె ముంజేతుల మీద వాతలు వరసగా తేలి ఉంటాయి.

ఆ పందేలు రోజుల తరబడి సాగుతాయి. మనిషి ఆగినా గడియారం ఆగదు. కునుకు తీసినా, టైరు మార్చినా, ఆ పొద్దంతా లెక్కలోకే వస్తుంది. సైకిలు వెనకే ఒక వ్యాను నడుస్తుంది. అందులో ఉన్నవాళ్లే ఆమెకు వంటిల్లూ ఆస్పత్రీ పడకగదీ. తూనీగ వ్యాను ఆమె భర్త నడిపేవాడు. మిగతావన్నీ బొద్దువే. రెండో రోజుకల్లా తొక్కేవాళ్లకు ఆకలి చచ్చిపోతుంది. తిండి చూస్తేనే డోకు వస్తుంది. అలాంటి నోట్లోకి ముద్ద దిగేలా చెయ్యడం బొద్దుకు తెలిసిన విద్య. ఉడికించిన బంగాళాదుంపల్ని ఉప్పేసి మెదిపి చిన్న చిన్న బన్నుల్లో కూరేది. అదీ దిగకపోతే బన్నును పాలలో నానబెట్టి, చంటిపిల్లకు పెట్టినట్టు వేలితో అందించేది. "కన్నతల్లికి కూడా ఇంత ఓపిక ఉండదు" అనేవాడు తూనీగ భర్త. మెచ్చుకుంటున్నాడో ఎగతాళి చేస్తున్నాడో తెలిసేది కాదు.

కన్నతల్లి మాటకొస్తే, బొద్దును సగం పెంచింది తూనీగ తల్లే. బొద్దు వాళ్లమ్మ ఫ్యాక్టరీ నుంచి చీకటి పడితే గానీ వచ్చేది కాదు. బడి వదలగానే ఆ పిల్ల తిన్నగా తూనీగ ఇంటికి పోయి, వాళ్లతోపాటే కంచం ముందు కూర్చునేది. అప్పటి నుంచీ ఆవిడను పిన్నీ అనే పిలిచేది.

ఆ ఏడాది పందెం దగ్గర పడుతుండగా పిన్నికి ఊపిరితిత్తులు చెడి ఆస్పత్రిలో చేర్చారు. అంతకు ముందు రెండుసార్లు అలాగే చేర్చారు, రెండుసార్లూ లేచి ఇంటికొచ్చింది. అయినా తూనీగ కాలు సాగక మంచం పక్కనే కూర్చుంది. పిన్ని ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి, "వెళ్లవే. నేనేం పారిపోతున్నానా?" అంది. తూనీగ బయటికెళ్లాక బొద్దు మణికట్టు పట్టుకుని, "దాన్ని కాస్త కనిపెట్టుకో. పందెంలో పడితే దానికి ఒళ్లు తెలీదు" అంది. ఆ చేతిలో ఇంకా పట్టు ఉంది. బొద్దుకు ధైర్యమొచ్చింది.

పందెం మొదలైంది. తూనీగ మొదటి రోజు నుంచే ముందుంది. ఆమె వెనకే, కనపడీ కనపడని దూరంలో, ఎర్ర జెర్సీ వేసుకున్న ఒకామె విడవకుండా వస్తోంది. మూడో రోజుకు తూనీగ పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టింది. జెర్సీ మీద చెమట ఎండి ఉప్పు చారలు కట్టింది. మెడ నిలవక తల పక్కకు వాలిపోతోంది. రోడ్డు పక్క మైలురాళ్లను మనుషులనుకుని జరగమని కసిరింది. ఇవన్నీ మామూలే, బొద్దుకు కొత్త కాదు.

కొత్తదల్లా మధ్యాహ్నం వచ్చిన ఫోను. చేసింది తూనీగ తమ్ముడు. కరెంటు పని చేస్తాడు. ఎప్పుడో ఇంటి గోడ విషయంలో మాటా మాటా పెరిగి, బావతో మాట్లాడడం మానేశాడు. అందుకని బొద్దుకే చేశాడు.

"బొద్దక్కా, అమ్మ అడుగుతోంది. పొద్దుట్నుంచీ అక్క పేరే. రావాల్సినవాళ్లుంటే రమ్మనండి అన్నాడు డాక్టరు."

"మాట ఉందా?"

"ఉంది. సాయంత్రం దాకా ఉంటుందో లేదో తెలీదు. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటారు. అక్కకి చెప్పు."

బొద్దు ఫోను ఒళ్లో పెట్టుకుని విషయం చెప్పింది. తూనీగ భర్త రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"అత్తయ్య ఇలాగే రెండుసార్లు భయపెట్టింది. రెండుసార్లూ లేచి కూర్చుంది."

"ఈసారి డాక్టరే రమ్మన్నాడట అన్నయ్యా."

"చూడమ్మా, గమ్యం రేపే. ఇన్నేళ్లు ఎముకలు అరగదీసుకుంది దీని కోసం. ఇప్పుడు చెబితే సైకిలు అక్కడే పడేస్తుంది. తీరా వెళ్లాక అత్తయ్య మంచం మీద కూర్చుని పాలు తాగుతుంటే? జన్మలో మనల్ని క్షమిస్తుందా?"

"చెప్పకుండా ఉండి, అటు ఏమన్నా అయితే క్షమిస్తుందా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ముందు తూనీగ వీపు కనిపిస్తోంది, అటూ ఇటూ ఊగుతూ, రెక్కలు విరిగినట్టు. బొద్దు అంది, "నేను చెప్తాను. ఆగడమో, పోవడమో తనే తేల్చుకుంటుంది. వాళ్లమ్మ కదా. మనమెవరం మధ్యలో?"

"నీ ఇష్టం. తర్వాత ఏడుపులు కూడా నువ్వే చూసుకో."

మూతబడిన ఒక పెట్రోలు బంకు దగ్గర, రేకుల నీడలో ఆపారు. వెనక చక్రం గాలి తగ్గుతోందని తూనీగ భర్త సైకిలును వ్యానుకు అవతలి వైపు తీసుకుపోయి చక్రం విప్పసాగాడు. తూనీగ నడుం ఎత్తలేక, వంగినది వంగినట్టే వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూలబడింది. బొద్దు ముందు మోకాళ్ల మీద కూర్చుని, తడిగుడ్డతో ఆమె మొహం తుడిచింది. నుదురు, కళ్ల కొలుకులు, ముక్కు పక్కన పేరుకున్న మట్టి. కళ్లు ఎర్రగా ఉన్నా చూపు తేటగానే ఉంది. మైలురాళ్లను కసిరిన చూపు కాదది.

"ఏంటే నీ మొహం అలా ఉంది?" అంది తూనీగ.

"తమ్ముడు ఫోన్ చేశాడే..."

తూనీగ చెయ్యి చటుక్కున లేచి బొద్దు నోటి మీద పడింది. చేతికి గ్లవుజు ఉంది. ఉప్పగా, రబ్బరు వాసనతో ఉంది.

"చెప్పకు" అంది. "అమ్మ గురించైతే చెప్పకు."

బొద్దు ఆ చెయ్యి పక్కకు లాగింది. "ఇంకా మాట ఉందటే. నిన్నే అడు..."

చెయ్యి మళ్లీ పడింది. ఈసారి పెదవి పంటికి ఒత్తుకుపోయి నోట్లో నెత్తురు రుచి తగిలేంత గట్టిగా. "నువ్వు చెప్పావంటే నేను ఆగాలి. చెప్పలేదంటే నాకు తెలీదు. అర్థమైందా? నాకు తెలీదు." గొంతు పెంచలేదు. బతిమాలుతున్నట్టూ లేదు. షాపులో కావలసిన వస్తువు అడిగినట్టు అంది. బొద్దు కళ్లలోకి చూస్తూ, ఆ తల ఊగేదాకా చెయ్యి తియ్యలేదు.

తర్వాత బన్ను అందుకుంది. ఏ పేచీ లేకుండా తింది. నీళ్లు తాగి మూతి తుడుచుకుని, "ఎర్ర జెర్సీ ఎంత వెనకుంది?" అని అడిగింది.

బొద్దు చెప్పింది. ఆ మాట ఎలా పెగిలిందో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు అంతుపట్టలేదు.

వ్యాను కదిలాక తూనీగ భర్త అడిగాడు, "చెప్పావా?"

"లేదు."

"మంచి పని చేశావు."

జరిగింది అతనికైనా చెప్పొచ్చు. కానీ అది మొగుడూ పెళ్లాల మధ్య ఎలాంటి చిచ్చవుతుందో! పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఊరుకుంది. కాసేపటికి తమ్ముడు మళ్లీ ఫోను చేశాడు. వెనకాల ఆస్పత్రి గదిలో ఏదో యంత్రం కీచుమంటోంది. "చెప్పావా అక్కా? బయల్దేరిందా?" తెలిసే రావడం లేదురా అని, ఆ మంచం పక్కన నిలబడినవాడితో ఎలా అనడం? పిన్నికి వినపడితే? బొద్దు అంది, "ఇంకా సందు దొరకలేదురా. చెప్తాను."

సాయంత్రం మళ్లీ ఫోను వచ్చింది. ఏడుపు ఒక్కటే వినిపించింది.

సంగతి విన్నా తూనీగ భర్తకు వ్యాను ఆపడానికి లేదు. బొద్దు ఐసు పెట్టెలో తల దూర్చి, సీసాలు వెతుకుతున్నట్టు చాలాసేపు అలాగే ఉండిపోయింది. బయటికి తీసేసరికి మొహమంతా తడి, ఏది ఏదో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత కూడా ఆమె బంగాళాదుంపలు మెదిపింది, బన్నులు కోసింది, ఉబ్బిన వేళ్లకు నూనె రాసింది. తూనీగ ప్రతిసారీ తింది. ఒక్కసారైనా బొద్దు మొహంలోకి చూడలేదు. తమ్ముడి ఫోను ఎందుకొచ్చిందని కూడా అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి గమ్యం వచ్చింది. తూనీగ ఆడవాళ్లలో మొదటిదిగా వచ్చింది. చప్పట్లు, ఈలలు, ఫొటోలు. ఇద్దరు పట్టుకుంటే గానీ నిలబడలేకపోయింది. ఎవరో మైకు నోటి దగ్గర పెట్టారు. "ఈ గెలుపు మా అమ్మది" అంది తూనీగ. "ఇంటికెళ్లగానే ఈ మెడల్ ఆవిడ మెడలో వేస్తాను."

పక్కనే నీళ్ల సీసా పట్టుకుని ఉన్న బొద్దు ఒక అడుగు వెనక్కి వేసింది.

భర్త ఆమెను పక్కనున్న గుడారంలోకి నడిపించుకుపోయి చెప్పాడు. తూనీగ అరిచిన అరుపుకు బయట ఫొటోలు దిగుతున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. నేల మీద పడి దొర్లింది. లేచి, బొద్దు చొక్కా పట్టుకుని ఊపింది.

"నువ్వు కూడానా? ఆయనంటే సరే, నువ్వు ఎలా దాచావే? మా అమ్మ చేతి ముద్ద తిని పెరిగిన దానివి కదే!"

చుట్టూ మూగిన జనం బొద్దు వైపు చూశారు. ఆమె చొక్కా విడిపించుకోను కూడా లేదు. ముందు అనుకుంది, తూనీగకు నిద్ర లేక మతి చలించింది, మైలురాళ్లతో మాట్లాడిన మనిషి కదా, నిజంగానే గుర్తులేదేమో. ఆ ఊహను గట్టిగా పట్టుకుని ఇంటిదాకా వచ్చింది.

వాళ్లు చేరేసరికి అంత్యక్రియలతో సహా అంతా అయిపోయింది. గుమ్మంలోనే తమ్ముడు బొద్దుకు ఎదురొచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అమ్మ నీ పేరు కూడా తలుచుకుంది బొద్దక్కా. బొద్దు ఉందిగా, తీసుకొస్తుందిలే అంది. ఆఖరిదాకా వాకిలి వైపే చూసింది. ఇంక నువ్వు మా గడప తొక్కకు."

బొద్దు వచ్చిన దారినే వెనక్కి పోయింది. మర్నాడు పనిలో కాలుతున్న ట్రేను గుడ్డ లేకుండా పట్టుకుంది. యజమాని తిట్టి, చేతికి మందు రాయించి ఇంటికి పంపాడు.

కొన్నాళ్లాగి, తమ్ముడు పనికి వెళ్లే వేళ చూసుకుని, ఇంకా పుట్టింట్లోనే ఉన్న తూనీగ దగ్గరకు వెళ్లింది. తూనీగ కాళ్లు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. వేళ్లకు ఇంకా స్పర్శ రాలేదట, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటోంది. బొద్దు తలుపు దగ్గరేసి, కుర్చీ లాక్కుంది.

"బంకు దగ్గర జరిగింది గుర్తుందా నీకు?"

తూనీగ గ్లాసు పక్కన పెట్టింది. "నీ మొహం చూసి ఏదో అనుకున్నాను. అనుకోవడం వేరు, తెలియడం వేరు."

"నా పెదవి చిట్లింది తూనీగా."

"నువ్వు చెప్పలేదు కదా" అంది తూనీగ. అని, తనే ఆ మాటకు తట్టుకోలేనట్టు కళ్లు మూసుకుంది. "చెయ్యి గట్టిగా లాగేసి అరిచి ఉంటే నేను ఆగేదాన్ని. నీకా బలం ఉంది. పిండి పిసికే చేతులు నీవి."

బొద్దు తన ముంజేతుల వైపు చూసుకుంది. ఆ మాటలో నిజం ఉంది. లాగగలిగేది. లాగలేదు.

తూనీగ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్కటీ నా కోసం మొయ్యవే. తెలిస్తే తమ్ముడు నా మొహం చూడడు. నాకింక వాడొక్కడే మిగిలాడు. నువ్వు పైదానివి. నీ మీద ఎన్నాళ్లు కోపం పెట్టుకుంటాడు? నాలుగు రోజులు పోతే వాడే మర్చిపోతాడు."

పైదానివి. ఆ మాట అన్నట్టు తూనీగకు తెలియను కూడా తెలీదు. బొద్దు ఔననలేదు, కాదనలేదు. ఏళ్ల తరబడి తూనీగ సంచీ, తూనీగ చెప్పులు, తూనీగ అలకలు మోసిన మనిషి. ఇదీ దాంట్లో కలిసిపోయింది.

తమ్ముడు మర్చిపోలేదు. రోడ్డు మీద ఎదురైతే అవతలి పక్కకు పోయేవాడు. బొద్దు అదీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఆ తర్వాత జరిగింది.

క్రీడాకారుల సంఘం వాళ్లు తూనీగకు సన్మానం పెట్టారు. కేకులూ బిస్కెట్లూ బొద్దు పని చేసే బేకరీ నుంచే వెళ్లాయి. ట్రేలు దించడానికి ఆమే వెళ్లాల్సి వచ్చింది. హాలు చివర బల్ల మీద సర్దుతుంటే తూనీగ మాట్లాడడం మొదలైంది. కొండదారి, ఎండ, ఎదురుగాలి. తర్వాత గొంతు తగ్గించి, అమ్మ సంగతి.

"నా ప్రాణస్నేహితురాలే నా దగ్గర దాచింది. నా మీద ప్రేమతోనే దాచింది. కడసారి చూపు నాకు దక్కకుండా పోయింది. చాలా రోజులు కోపంగా ఉన్నాను. కానీ పందెం నాకు ఓర్పు నేర్పింది. ఆమెను నేను క్షమించాను. ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది."

చెయ్యెత్తి చూపించింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. చప్పట్లు మోగాయి. బొద్దు రెండు చేతుల్లో కేకుల ట్రే. ఒకావిడ దగ్గరకొచ్చి భుజం తట్టి, "పోనీలే అమ్మా, ఆవిడది పెద్ద మనసు" అంది. ఇంకొకాయన ఒక కేకు తీసుకుని, ఆమెను ఎగాదిగా చూసి, తింటూ వెళ్లిపోయాడు.

మొయ్యమంటే మోసింది. తూనీగ పల్లకీ ఎక్కి ఊరేగుతుందని అనుకోలేదు. బొద్దు ట్రే అక్కడే వదిలేసి బయటికి నడిచింది.

తిన్నగా తమ్ముడి దగ్గరకు వెళ్లింది. కొత్తగా కడుతున్న ఇంట్లో, నిచ్చెన మీద నిలబడి గోడలోకి తీగలు లాగుతున్నాడు. కింద నిలబడే అంతా చెప్పింది. బంకు, బకెట్, నోటి మీద చెయ్యి, తూనీగ మంచం మీద నుంచి బతిమాలిన మాటలు, అన్నీ. చెబుతున్నంతసేపూ వాడు తీగ చివర పట్టుకుని కదలకుండా విన్నాడు. అయ్యాక నిచ్చెన దిగాడు.

"మరి ఆ రోజు ఫోన్లో సందు దొరకలేదన్నావు."

"పిన్ని వింటుందేమోనని అలా అన్నానురా."

"ఇన్నాళ్లూ ఏమైంది ఈ మాట?"

"మీ అక్క..."

"అక్క ఇవాళ నలుగురిలో నిన్ను క్షమించానంది. ఫోన్లో లైవ్ చూశాను. అది చూసి నేను కూడా పోనీలే అనుకుంటున్నాను, అమ్మ ఉంటే అదే చేసేదని. నువ్వేమో ఇటొచ్చి అక్క మీదకే తోస్తున్నావు." వాడి కళ్లు నీళ్లతో నిండాయి. "ఒక మనిషిని ఇంత ప్రేమగా చూసుకున్నట్టు కనబడి, లోపల ఇంత కుళ్లు ఎలా పెట్టుకున్నావు బొద్దక్కా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏంటో బొద్దు ఆ సిమెంటు ధూళిలో నిలబడి తెలుసుకుంది. నిజం చెప్పడానికి కూడా ఒక సమయం ఉంటుంది, అది దాటిపోయాక వచ్చిన నిజాన్ని ఎవరూ గుమ్మం దాటనివ్వరు.

మళ్లీ పందేల కాలం వచ్చింది. ఒకరోజు తూనీగ భర్త బేకరీకి వచ్చాడు. రొట్టె కొన్నాడు. కొన్నాక కూడా కదల్లేదు.

"ఈసారి ఇద్దరు కుర్రవాళ్లను మాట్లాడాం వ్యానులోకి. కానీ ఏం పెట్టినా తనకి దిగడం లేదు. ప్రాక్టీసులోనే వాంతులు. బొద్దుని అడిగి చూడండి అంది."

"తనే అందా?"

"తనే. ఎంతకాలం ఇలా? తనైతే ఎప్పుడో మర్చిపోయింది."

బొద్దు కౌంటరు మీది రొట్టె పొడి అరచేత్తో ఒకపక్కకు ఊడ్చింది. ఈ మనిషికి ఇప్పటికీ ఏమీ తెలీదని ఆమెకు అర్థమైంది. చెబితే నమ్ముతాడో లేదో కనుక్కోవాలన్న కోరిక కూడా కలగలేదు.

"పాలలో నానబెట్టిన బన్ను పెట్టమనండి. ఒక్కసారే కాదు, కొంచెం కొంచెంగా. చల్లగా ఉండకూడదు."

"నువ్వు వస్తే..."

"రాను అన్నయ్యా."

అతను వెళ్లిపోయాడు. ఆ పందెంలో తూనీగ సగం దారిలోనే మానేసిందని, కడుపులో ఏదీ నిలవక సైకిలు మీంచి దిగిపోయిందని, రొట్టెలకొచ్చిన ఒకామె చెప్పింది. బొద్దు అప్పుడు వేడి ట్రే బయటికి లాగుతోంది. విన్నది. సంతోషం వేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది. వెయ్యలేదు. వేసినా బాగుండు, కనీసం తనదంటూ ఏదో ఒకటి మిగిలినట్టుండేది అనుకుంది. ఆకలితో ఉండుంటుంది పిచ్చిది, అన్న ఆలోచన మాత్రం అడక్కుండానే వచ్చింది. అలా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసి, ట్రేను బల్ల మీద ధడాలున పడేసింది. రొట్టెలు రెండు జారి నేల మీద పడ్డాయి.

"ఏమైంది?" అన్నాడు యజమాని లోపల్నుంచి.

"ఏం లేదు, చెయ్యి జారింది" అని, వంగి వాటిని ఏరసాగింది.